మెడ చిట్లిన డొప్ప

"మధ్యాహ్నానికల్లా డిటెక్టివ్ కార్మొడీ వస్తాడు. మిమ్మల్నీ మీ తుపాకినీ కార్లో వేసుకుని రాజధానికి పట్టుకుపోతాడు. ఈలోగా నాకు పనికొచ్చే మాట ఒక్కటైనా చెప్తారా, హెటీ గారూ?"

పోలీసు డెప్యూటీ లైల్ మెల్బీ ఈ ప్రశ్న అడగడం ఆ పొద్దున ఇది మూడోసారి. హెటీ ప్రూయిట్ తలెత్తలేదు. కళ్లజోడు ముక్కు చివరికి జారవిడుచుకుని, వేళ్ల మధ్య ఉన్న ఖాళీ ఇత్తడి తూటా డొప్పకి గొర్రె ఉన్ని కొవ్వు పట్టిస్తోంది. అరవై దాటిన మనిషి, హత్య నేరం మెడకి చుట్టుకుంటున్న మనిషి, పెళ్లికి పిండివంటలు చేస్తున్నంత తీరిగ్గా కూర్చుంది.

"చెప్పానుగా. నేను చంపలేదు."

"అది అందరూ చెప్పే మాటే."

"అందరూ చెప్పేదే నేనూ చెప్తే నీకొచ్చిన నష్టమేంటి అబ్బాయ్?"

మెల్బీ ఓపిగ్గా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆవిడతో పంతానికి పోతే పని జరగదని సేజ్ ఫోర్క్ ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

జరిగింది ఇదీ. శనివారం పట్టపగలు, తుపాకులు చేసే కిటిల్‌సన్ తన ఇంటి వసారాలో కాఫీ తాగుతూ కుప్పకూలిపోయాడు. ఎదురుగా ఉన్న కొండ మీంచి ఎవరో కాల్చారు. గుండు చాలా సన్నం, చాలా వేగం. లోపలికి వెళ్లడంతోటే ముక్కచెక్కలైపోయింది. ఫలానా తుపాకిదని తేల్చడానికి లాబొరేటరీ వాళ్లకి పిసరంత లోహం కూడా సరిగ్గా మిగల్లేదు. ఆ సాయంత్రం మెల్బీ కొండంతా మోకాళ్ల మీద పాకి వెతికాడు. ఏమీ దొరకలేదు. మంగళవారం మాత్రం అదే కొండ మీద, జూనిపర్ పొద మొదట్లో, కాల్చిన ఇత్తడి డొప్ప ఒకటి దొరికింది.

దాంతో కార్మొడీ లెక్కలో కేసు తేలిపోయింది. ఎందుకంటే అలాంటి డొప్ప ఏ కొట్లోనూ దొరకదు, ఏ కంపెనీ చేయదు. అది హెటీ సొంత బుర్రలోంచి పుట్టిన తూటా. దానికి 'ఆడనక్క' అని పేరు పెట్టుకుంది. ఆ తూటా పట్టేలా తుపాకి గొట్టం తొలిచి ఇచ్చింది కిటిల్‌సన్. ప్రపంచం మొత్తం మీద ఆడనక్క తుపాకి ఒక్కటేనని అతనే బార్లో ప్రతి శుక్రవారం గొప్పలు పోయేవాడు. ఆ ఒక్కటీ ఇప్పుడు మెల్బీ వేసిన సీలుతో హెటీ షెడ్డు గోడకి వేలాడుతోంది. నేరం రుజువైతే ఆవిడ మిగిలిన బతుకు జైల్లోనే తెల్లారిపోతుంది.

"కిటిల్‌సన్‌తో మీరు గొడవపడ్డారు" అన్నాడు మెల్బీ.

"పదకొండేళ్లుగా పడుతున్నాం. తూటాకి తన పేరు పెట్టమంటాడు. చస్తే పెట్టనంటాను. మేం ఒకరినొకరు పలకరించుకోవడమే అలా."

"శనివారం ఎక్కడున్నారు?"

"ఇక్కడే. ఇదే స్టూలు మీద."

"ఎవరైనా చూశారా?"

"కుక్క చూసింది. దాన్నడుగు."

మెల్బీకి నవ్వొచ్చింది గాని ఆపుకున్నాడు. "ఇలాంటి తుపాకి ఇంకోటి ఎక్కడైనా ఉందా?"

హెటీ కొవ్వు డబ్బా మూత బిగించింది. గట్టిగా బిగించింది. "కిటిల్‌సన్ ఊరంతా చెప్పాడుగా" అంది.

అది జవాబు కాదని మెల్బీ గమనించాడు. గమనించి ఊరుకున్నాడు. మూసిన నోటిని మాటలతో తెరిపించలేమని అతనికి అనుభవం. పనిచేసే చేతులు ఒక్కోసారి నోటికంటే ముందు మాట్లాడతాయి.

"అయితే ఒక పని చెయ్యండి. ఇది ఎలా తయారవుతుందో నాకు చూపించండి."

అప్పుడు తలెత్తింది ఆవిడ. "నీకెందుకు?"

"ఈ డొప్ప మిమ్మల్ని జైలుకి పంపబోతోంది. అదేంటో నాకు తెలియాలి కదా."

హెటీ కాసేపు అతన్ని ఎగాదిగా చూసి, స్టూలు పక్కకి జరిపింది.

కొవ్వు పట్టించిన డొప్ప మామూలు కంపెనీ సరుకే. గుండు కూర్చునే మెడ లావు, దాని కింద భుజాలు వాలుగా ఉన్నాయి. దాన్ని ప్రెస్సులో నిలబెట్టి పిడి కిందికి లాగింది. ఉక్కు అచ్చులోకి ఇత్తడి మెల్లిగా దూరింది. పైకి తీస్తే మెడ సన్నబడి ఉంది. మళ్లీ ఇంకో అచ్చు, ఇంకో లాగుడు. మధ్యలో ఒకచోట చెయ్యి ఆపి, కొవ్వు ఎక్కువైందని గుడ్డతో తుడిచింది. ఎక్కువైతే భుజం మీద సొట్ట పడుతుందట, తక్కువైతే అచ్చులో ఇరుక్కుని చస్తుందట. ఎంత ఎక్కువో ఎంత తక్కువో ఆవిడ వేలికి తప్ప ఇంకెవరికీ తెలిసేలా లేదు.

తర్వాత పళ్లెంలో నీళ్లు పోసి డొప్పల్ని నడుముదాకా మునిగేలా వరసగా నిలబెట్టింది. చేతి గ్యాసు మంటతో మెడలు మాత్రం కాల్చింది. ఇత్తడి రంగు మారగానే ఒక్కొక్కదాన్నీ వేలితో నీళ్లలోకి తోసింది. చుయ్ చుయ్‌మని పడ్డాయి. ప్రతిదానికీ మెడ కింద నీలం, గోధుమ రంగు కలిసిన మరక మిగిలింది.

"ఈ మరక తుడవరా?"

"ఎందుకు తుడుస్తాను? ఇది ఉందంటే మెడ మెత్తబడిందని లెక్క. చల్లటి ఇత్తడిని నలిపితే బిరుసెక్కుతుంది. కాల్చకుండా పేలిస్తే మొదటి దెబ్బకే మెడ చిట్లుతుంది. ఓపిక లేనివాళ్లు కాల్చరు."

"ఓపిక లేనివాళ్లెవరు?"

హెటీ లేచి కాఫీ పోసుకుంది. అతనికీ ఒక కప్పు పోసింది. జవాబు మాత్రం పోయలేదు.

"ఇంతేనా? తయారైపోయిందా?" అన్నాడు మెల్బీ.

"సగమే. భుజం ఇంకా రాలేదు చూడు. అది చెయ్యడానికి ఏ అచ్చూ చాలదు. నిప్పే చెయ్యాలి. తుపాకికి నువ్వు సీలేశావు కాబట్టి మిగతాది నోటితో చెప్తాను." అలమరలోంచి ఒక అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టింది. మెల్బీ చూసి తెల్లబోయాడు. అది పొద్దున్నే పాలలో ఉడకబెట్టుకునే గోధుమ రవ్వ.

"ఇదేంటి?"

"రవ్వ. అడుగున కాస్త తుపాకి మందు పోస్తాను. దాని మీద మెడదాకా రవ్వ నింపి, కొవ్వొత్తి మైనంతో బిరడా వేస్తాను. గుండు ఉండదు. ఆకాశానికి గురిపెట్టి పేలిస్తే రవ్వ గాల్లోకి పోతుంది. లోపల ఇత్తడి ఉబ్బి, తుపాకిలో తూటా కూర్చునే గది ఉంటుందే, ఆ గది గోడల్ని అంటుకుంటుంది. అక్కడే గట్టిపడిపోతుంది. గది ఎలా ఉంటే డొప్ప అలా బయటికొస్తుంది."

రెండు డొప్పలు అతని అరచేతిలో పెట్టింది. ఒకటి రవ్వతో మాత్రమే పేల్చినది, రెండోది ఆ తర్వాత గుండు కూడా పెట్టి పేల్చినది. మొదటిదాని భుజం వచ్చింది గాని అంచు ఇంకా మొద్దుగా, గుండ్రంగా ఉంది. రెండోదాని అంచు కత్తితో చెక్కినట్టు ఉంది.

మెల్బీ వాటిని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాడు. అతను చిన్నప్పట్నుంచీ తుపాకులు పేల్చినవాడే. ఖాళీ డొప్పల్ని బూటుతో తన్నుకుంటూ నడిచినవాడే. కనురెప్ప పడేంత సేపు కూడా ఉండని మంటలో ఒక లోహం మెత్తబడి, తానున్న చీకటి గది కొలతలన్నీ ఒంటికి పట్టించుకుని బయటికి రావడం అతనికి ఎన్నడూ తట్టని సంగతి. మనిషి కంటికి కనపడని తేడాని కూడా అది పట్టేస్తుంది, ఎప్పటికీ వదలదు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు, ఎందుకు తీశాడో అతనికే తెలియలేదు.

"ఒకే పనిముట్టుతో రెండు గదులు తొలిస్తే?" అన్నాడు మెల్లిగా.

"ఒకేలా రావు. వెంట్రుకలో పదో వంతైనా తేడా వస్తుంది. ఎంత గొప్ప పనివాడైనా అంతే."

బయట కారు ఆగింది.

కార్మొడీ తలుపు కొట్టకుండానే లోపలికొచ్చాడు. రాజధాని డిటెక్టివ్. ఇస్త్రీ నలగని కోటు, ఎవర్నీ ఎదురు మాట్లాడనివ్వని గొంతు. బల్ల మీద కాఫీ కప్పులు చూసి నవ్వాడు.

"బాగుంది మెల్బీ. ముద్దాయికి కాపలా ఉండమంటే ఆవిడ దగ్గర శిష్యరికం మొదలెట్టావా?"

"నేర్చుకుంటున్నాను సార్. మీరూ కూర్చుంటే బాగుండేది."

"నాకు టైమ్ లేదు. అమ్మా, బయల్దేరు. మీ తమ్ముడు కార్లో ఉన్నాడు. నువ్వు వచ్చేదాకా ఇల్లూ కుక్కా తను చూసుకుంటానన్నాడు."

హెటీ మొహంలో గట్టిదనం ఒక్కసారిగా కరిగిపోయింది. "వెండెల్ వచ్చాడా? లోపలికి రాలేదేం?"

"నీకు బేడీలు వెయ్యడం కళ్లారా చూడలేనన్నాడు పాపం."

"పిచ్చి సన్నాసి" అంది ముద్దుగా. స్వెటర్ అందుకుంది.

మెల్బీ దారికి అడ్డంగా నిలబడ్డాడు. "ఒక్క నిమిషం. ఆ డొప్ప మీ దగ్గరుందిగా, ఒకసారి చూపిస్తారా?"

"ఫొటో చూశావుగా."

"ఫొటోకి లోపల ఉండదు సార్."

కార్మొడీ విసుగ్గా జేబులోంచి చిన్న గాజు సీసా తీశాడు. మెల్బీ బల్ల మీద తెల్ల కాగితం పరిచి, సీసాని జాగ్రత్తగా బోర్లించాడు. డొప్ప దొర్లింది. దాని వెనకే నాలుగు నల్లటి పలుకులు రాలాయి.

"కొండ మీది మట్టి" అన్నాడు కార్మొడీ.

మెల్బీ ఒక పలుకుని గోటితో చిదిపాడు. పైన మాడింది గాని లోపల తెల్లగా ఉంది. పక్కనే ఉన్న అట్టపెట్టెలోంచి చిటికెడు రవ్వ తీసి దాని పక్కన పోశాడు. "మీ కొండ మీద గోధుమ రవ్వ పండుతుందా సార్?"

"ఏం వాగుతున్నావ్?"

"దీంట్లోంచి పోయింది గుండు కాదు, రవ్వ. ఇది ఆకారం రావడానికి పేల్చిన డొప్ప. ఇదిగో, అంచు గుండ్రంగా ఉంది. గుండు పేలితే ఇలా పదునుగా ఉంటుంది." హెటీ ఇచ్చిన రెండూ దాని పక్కన నిలబెట్టాడు. "కిటిల్‌సన్‌ని చంపిన తూటా ఇది కాదు. ఎవరో తెచ్చి అక్కడ పడేశారు."

కార్మొడీ మూడింటినీ వంగి చూశాడు. ఒప్పుకోలేదు గాని, వెంటనే కొట్టిపారెయ్యనూ లేదు. "పడేశారే అనుకుందాం. ఎక్కడిదది? ఇది పట్టే తుపాకి లోకంలో ఒక్కటే. అది ఈవిడది. తిప్పితిప్పి ఎటు తిప్పినా ఇక్కడికే వస్తుంది."

ఈ వాదన నడుస్తుండగానే హెటీ చెయ్యి చాపి కొండ మీది డొప్పని అందుకుంది. బొటనవేలు అలవాటుగా మెడ చుట్టూ తిరిగింది. ఒకచోట ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చి అక్కడే ఆగింది. మెల్బీ ఆ వేలినే చూస్తున్నాడు. ఆవిడ పెదవులు తెల్లబడ్డాయి.

డొప్పని కాగితం మీద పెట్టేసింది. "చాలు. ఇది నాదే. నేనే చంపాను. పద, పోదాం" అంది.

ముందు తేరుకున్నది కార్మొడీ. "విన్నావా మెల్బీ? ఇంక ఆ రవ్వ ఇంటికి పట్టుకుపోయి వండుకో."

ఇంతసేపూ చంపలేదన్న మనిషి, తప్పించుకునే దారి తెరుచుకోగానే నేనే చంపానంటోంది. ఆ వేలు ఎక్కడ ఆగిందో అక్కడ మెల్బీ కళ్లు పెట్టి చూశాడు. మెడ మీద వెంట్రుకంత గీత, పైనుంచి కిందికి. చిట్లింది. మెడ కింద నీలం మరక లేదు.

"ఇది మీది కాదు" అన్నాడు.

"నాదంటుంటే నీకేంటి?"

"మీరు మెడ కాల్చకుండా ఒక్కటీ చెయ్యరు. దీని మెడ కాల్చలేదు."

"ఆ రోజు ఓపిక లేకపోయింది."

"మీకా?"

ఆవిడ మొహం తిప్పుకుంది. మెల్బీ గబగబా గోడ దగ్గరికి వెళ్లి తుపాకి దించాడు. తను వేసిన సీలుని తనే పటుక్కున తెంపాడు.

"ఒరేయ్, అది సాక్ష్యం" కార్మొడీ గొంతు మొదటిసారి పెరిగింది. "దాని మీద చెయ్యి వేశావంటే నీ బ్యాడ్జి ఊడబెరికిస్తాను."

"సాయంత్రం ఊడబెరికించండి సార్. ఇప్పుడు మాత్రం ఇటు చూడండి."

హెటీ వద్దని చెయ్యెత్తింది. అతను ఆగలేదు. ముందు బల్ల మీది హెటీ డొప్పని తుపాకిలో పెట్టి, వెనక గడియలా ఉండే బోల్టు మూశాడు. వేలు బరువుకే, వెన్నలో దిగినట్టు మూసుకుంది. తీసేశాడు. కొండ మీది డొప్పని పెట్టాడు. బోల్టు సాఫీగా ముందుకెళ్లింది. చివరికంటా వెళ్లి, పిడి కిందికి మడిచే దగ్గర ఆగిపోయింది. మెల్బీ ఇంకాస్త నొక్కాడు. కదల్లేదు.

"నువ్వు సరిగ్గా పెట్టలేదు" అంటూ కార్మొడీ తుపాకి లాక్కున్నాడు. తనే పెట్టాడు, తనే నొక్కాడు, ఇస్త్రీ కోటు భుజం ఆనించి మరీ నొక్కాడు. ఆగిన చోటే ఆగింది. హెటీ డొప్ప పెడితే మళ్లీ వెన్నలా మూసుకుంది. రెండు డొప్పల్నీ కళ్ల దగ్గర పెట్టుకుని ఎంత చూసినా తేడా కనపడలేదు. కార్మొడీ నెమ్మదిగా తుపాకి కిందకి దించాడు.

"కళ్లకి కనపడదే" అన్నాడు చివరికి, ఎవరితోనో కాదు, తనతోనే.

"కంటికి కనపడదు సార్. ఇత్తడికి తెలుసు. ఇది ఈ తుపాకిలో పుట్టలేదు. ఇంకో గదిలో పుట్టింది. ఆడనక్క తుపాకులు రెండున్నాయి." మెల్బీ హెటీ వైపు తిరిగాడు. "ఆ రెండోది ఎవరి దగ్గరుందో మీకు తెలుసు. వాళ్లని కాపాడటానికే నాదే అన్నారు."

"నాకేం తెలియదు. నన్ను తీసుకుపొండి" అంది హెటీ. ఈసారి గొంతు బతిమాలుతున్నట్టుంది. కార్మొడీ ముందు రెండు చేతులూ చాపి నిలబడింది.

అప్పుడు తట్టింది మెల్బీకి, ముందే అడగాల్సిన ప్రశ్న. "సార్, శనివారం నేను ఆ పొద కింద చేతులతో తడిమి చూశాను. ఏమీ లేదు. మంగళవారం దీన్ని వెతికి పట్టుకున్నదెవరు?"

"నేనే. అంటే..." కార్మొడీ తడబడ్డాడు. "చోటు చూపించింది వాళ్ల తమ్ముడు. సోమవారం ఫోన్ చేశాడు. మనసొప్పక చెప్తున్నానని ఏడ్చాడు. తనే దగ్గరుండి కొండెక్కించి, పొద పక్కకి తప్పించి చూపించాడు. ఇలాంటి తుపాకి మా అక్క దగ్గర తప్ప ఇంకెక్కడా లేదని చెప్పింది కూడా అతనే."

హెటీ చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"పోలీసులు వెతికితే దొరికిందనుకున్నాను" అంది. "వాడు కాల్చి, భయపడి, ఏరుకోవడం మర్చిపోయి ఉంటాడనుకున్నాను."

ఆవిడ స్టూలు మీద కూలబడింది.

"రెండో తుపాకి నేనే చేయించాను. వెండెల్ యాభయ్యో పుట్టినరోజుకి. ఎవరికీ చెప్పొద్దని కిటిల్‌సన్ చేత ఒట్టు వేయించుకున్నాను. ఆడనక్క ఒక్కటే ఉందని ఊళ్లో చెప్పుకోవడం కిటిల్‌సన్‌కి సరదా, చెప్పుకోనీ అనుకున్నాను." కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "వేసవి తుపాకి పోటీలకి తూటాల కంపెనీ మనిషొకడు వచ్చాడు. ఆడనక్క తన బుర్రలో పుట్టిందేనని వెండెల్ వాడికి చెప్పుకున్నాడు. కిటిల్‌సన్ పదిమందిలో పగలబడి నవ్వాడు. అది హెటీది, నీకు డొప్ప మెడ కాల్చడం కూడా రాదు అన్నాడు. నేనూ నవ్వాను."

"కిటిల్‌సన్ పోయి, మీరు జైలుకి పోతే, ఆడనక్క తనదంటే కాదనేవాడు ఉండడు" అన్నాడు మెల్బీ.

ఆవిడ విన్నట్టు లేదు. చిట్లిన డొప్పని మళ్లీ చేతిలోకి తీసుకుంది. బొటనవేలు ఆ గీత మీదే పైకీ కిందికీ తిరుగుతోంది.

"కిటిల్‌సన్‌ని కాల్చిన డొప్ప జేబులో వేసుకెళ్లి ఉంటాడు. మంచి డొప్ప కదా, ఇంకా చాలాసార్లు పనికొస్తుంది. మా ఇద్దరికీ ఆ పాడు అలవాటే, మంచి ఇత్తడి నేల మీద వదలబుద్ధి కాదు. మీలాంటివాళ్ల కళ్లకి డొప్పలన్నీ ఒకటేలే అనుకున్నాడు." డొప్పని కాగితం మీద నిలబెట్టింది. "నన్ను జైలుకి పంపించడానికి కూడా ఒక మంచిది ఖర్చు పెట్టలేకపోయాడు, లైల్. తుక్కుబుట్టలోంచి ఏరుకొచ్చాడు."

ఆవిడ మెల్బీని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఆవిడ ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. లేచి, అలమరలోంచి ఇంకో కప్పు తీసి కాఫీ పోసింది.

"తుపాకి వాడి కొట్టంలో దాణా గాదె అడుగున ఉంటుంది. అక్కడ లేకపోతే వాడి పక్కనే ఉంటుంది. చూసుకోండి."

కార్మొడీ కిటికీ పక్కకి జరిగి, తెర సందులోంచి కారుని చూశాడు. "వెనక సీట్లో దుప్పటి చుట్టింది ఏదో పెట్టుకున్నాడు" అన్నాడు గుసగుసగా. "చేపల గాలం అన్నాడు."

మెల్బీ తలుపు వెనక్కి వెళ్లి నిలబడి, పిస్తోలు మీద చెయ్యి వేశాడు. కార్మొడీ అడగకుండానే అటువైపు గోడకి ఆనుకున్నాడు. హెటీ తలుపు సగం తీసింది. ఎండ ఆవిడ మొహం మీద పడింది. పిలిచిన గొంతులో ఏ తేడా లేదు, రోజూ భోజనానికి పిలిచినట్టే ఉంది.

"వెండెల్, కాఫీ పోశాను. చల్లారిపోతోంది, లోపలికి రారా."

కారు ముందు తలుపు తెరుచుకుంది. తర్వాత వెనక తలుపు, దుప్పటి చుట్ట ఉన్న వైపుది.

"వస్తున్నా అక్కా" అన్నాడు వెండెల్.